గోరు మీద జారిన కత్తి

ఫెర్మిన్‌కు మూడు మెట్లు ఎక్కడానికి ఆరేళ్ళు పట్టింది. నాలుగో మెట్టు ముందు అతడు పది నెలలుగా ఆగిపోయి ఉన్నాడు.

ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవిలో, ఒక కొండవాలు మీద, సిల్వెరియో అనే వృద్ధుడు ఎస్క్రిమా నేర్పేవాడు. అది బెత్తం కర్రలతో చేసే సాము. తండ్రివంటి పెద్దవారిని అక్కడ తాతాయ్ అని పిలుస్తారు. శిష్యులందరికీ ఆయన తాతాయ్.

మొదటి మెట్టులో చేతికి ఒకే కర్ర. వేలాడగట్టిన పాత టైరును పన్నెండు దిక్కుల నుంచి పన్నెండు దెబ్బలు, భుజం పడిపోయేదాకా కొట్టాలి. రెండో మెట్టులో రెండు చేతులకూ కర్రలు. అవి ఒకదాని కిందుగా ఒకటి దూరుతూ, తడిక అల్లినట్టు గాలిలో అల్లుకోవాలి. మూడో మెట్టులో మళ్ళీ ఒక్క కర్రే, కాని ఎదుట మనిషి ఉంటాడు. అతడి దెబ్బను కర్రతో మళ్ళించి, ఖాళీగా ఉన్న ఎడమచేతితో అతడి మణికట్టును పక్కకు నెట్టాలి. ఆ ఎడమచేతిని వాళ్ళు ప్రాణమున్న చెయ్యి అంటారు.

నాలుగో మెట్టులోనూ చేసేది అదే. గురువు చేతిలో మాత్రం కర్ర ఉండదు. బోలో ఉంటుంది. కొబ్బరికాయను ఒక్క వేటుకు రెండు చేసే కత్తి అది.

ఆ కత్తిని ఏడు రోజులు సాన పట్టి శిష్యుడే తేవాలి. గురువు దాని అంచును తన బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తాడు. పదునుంటే అంచు గోరు మీద నిలుస్తుంది. లేకపోతే జారుతుంది. ఆపైన పన్నెండు దెబ్బలు. అన్నిటికీ నిలబడినవాడు ఆ కత్తిని తనదిగా ఇంటికి తీసుకుపోవచ్చు.

ఫెర్మిన్ గిటార్లు చేసేవాడు. చెక్క ఎంత పలచనయిందో ఎడమచేతి వేళ్ళతో తడిమి తెలుసుకోవడం ఆ ఇంటివాళ్ళ పద్ధతి. అతడి అన్న ఎలాదియో ఒకప్పుడు తీగలు బిగించి, శ్రుతి చేసి, కొన్నవాళ్ళ ఎదుట ఒక పాట వాయించి ఇచ్చేవాడు. పదిహేడేళ్ళ కిందట ఎలాదియో కూడా తాతాయ్ వాకిట్లో నాలుగో మెట్టుకు నిలబడ్డాడు. ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వంకరగా అతుక్కున్నాయి. ఆ తర్వాత అతడు గిటారు వాయించలేదు. చెక్కలకు గరుకు కాగితం రుద్దుతూ ఉండిపోయాడు.

"సిల్వెరియో కత్తి వాడి వేళ్ళు తినేసింది" అని ఊరంతా అనుకున్నారు. ఎలాదియో ఔననలేదు, కాదనలేదు.

అటువంటి చోటికి తానెందుకు వచ్చాడో ఫెర్మిన్ ఎవరికీ చెప్పలేకపోయేవాడు. అన్న ఎక్కడ ఆగిపోయాడో అక్కడిదాకా నడిచి చూడాలనిపించింది, అంతే. ఇప్పుడు సరిగ్గా అక్కడికే వచ్చాడు. అడుగు పడటం లేదు.

చేపలమ్మే రుఫీనా నాలుగో మెట్టు దాటి ఏడాది అయింది. ఫెర్మిన్ మళ్ళీ టైరు ముందుకే వెళ్ళడం చూసి ఆమె నవ్వింది.

"ఆ టైరును వదిలిపెట్టవయ్యా. నీతో కాపురం చేసి చేసి అది ముసలిదైపోయింది."

"నీకు భయం వెయ్యలేదా?" అని ఫెర్మిన్ అడిగాడు.

"వెయ్యకేం? ఆ ఉదయం గంపలో చేపలన్నీ నావంక జాలిగా చూశాయి." ఆమె నవ్వు ఆపి, గొంతు తగ్గించింది. "ఒక్కటి చెప్పనా? నాకంటే తాతాయ్‌కే ఎక్కువ భయంగా ఉన్నట్టు తోచింది. కత్తి పట్టగానే ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చల్లటి పొద్దు అది."

ఆ మాట ఫెర్మిన్‌కు ధైర్యం ఇవ్వలేదు. ఆయన చేతిలో పట్టు తప్పుతోందన్నమాట, అనుకున్నాడు. ఆ విషయం ఆయనకూ తెలుసన్నమాట.

చివరికి ఒకనాడు తాతాయ్ స్వయంగా బోలోను తెచ్చి అతడి చేతిలో పెట్టాడు. "ఏడు రోజులు" అన్నాడు.

ఫెర్మిన్ దానిని ఇంటికి తెచ్చినప్పుడు ఎలాదియో తల ఎత్తి కత్తివంక చూశాడు. తరువాత మళ్ళీ చెక్క రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆరు రోజులు ఫెర్మిన్ కత్తిని నిజాయితీగానే సాన పట్టాడు. ఏడో రోజున ముంజేతి మీద ఆనించి చూస్తే వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలిపోయాయి. అతడు తన ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి, చాపి చూసుకున్నాడు. పెరట్లో ఎవరూ లేరు. ఎలాదియో బజారుకు వెళ్ళాడు.

అతడు అంచును సానరాయికి నిలువుగా ఆనించి గీశాడు. మూడుసార్లు. చెవికి కష్టంగా ఉండే చప్పుడుతో అంచు మొద్దుబారింది. తరువాత బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని, కత్తి అద్దంలా మెరిసేదాకా తోమాడు.

మరునాడు పొద్దున వాకిట్లో తాతాయ్, రుఫీనా, ఫెర్మిన్ మాత్రమే ఉన్నారు. నేల తడిగా ఉంది. తాతాయ్ కత్తిని అందుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోరు మీద ఆనించాడు.

అది జారింది.

ముసలాయన ముఖంలో ఏ మార్పూ లేదు. మరొకసారి ఆనించి చూడనైనా లేదు. కత్తిని పిడివైపు నుంచి తిరిగి ఫెర్మిన్‌కే అందించాడు.

"ఇవాళ నువ్వు కొట్టు. నేను కర్ర పడతాను."

"ఇదెక్కడి పద్ధతి తాతాయ్?" అంది రుఫీనా. "నాకయితే చెమటలు పట్టించారు!"

"నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయమ్మా. కదలకుండా నిలబడే పని ఇవాళ నాది."

ఆయన కర్ర తీసుకుని, ఎడమచేతిని గుండెకు ఎదురుగా ఉంచి నిలబడ్డాడు. ఎముకల మీద పలచని చర్మం ఉన్న చెయ్యి అది.

ఫెర్మిన్ మొదటి దెబ్బ వేశాడు. కర్ర కత్తిని మళ్ళించింది. రెండోది, మూడోది. అతడి ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. ఇది ఎవరినీ కొయ్యదు. ఆ సంగతి తెలిసిన భుజం తేలికైంది, నడుము తిరిగింది, కాళ్ళు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. ఆరేళ్ళలో అతడు ఎన్నడూ అంత వేగంగా, అంత హాయిగా కొట్టలేదు. పక్కన రుఫీనా "అబ్బో!" అనడం వినిపించింది. ఏడు. ఎనిమిది.

తొమ్మిదో దెబ్బకు తాతాయ్ ఎడమచెయ్యి ముందుకు వచ్చి, ఉండకూడని చోట ఉండిపోయింది. ఫెర్మిన్ దానిని చూశాడు. కత్తి దిగేలోపల చూశాడు.

ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు అయింది.

తాతాయ్ మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కర్రను పక్కన పెట్టి, ఎడమచేతిని ఒడిలో పెట్టుకున్నాడు. రుఫీనా తలగుడ్డ విప్పుతూ పరుగున వచ్చి, ఆ చేతిని ఎత్తి చూసి, తెల్లబోయింది.

"రక్తమే లేదు. చర్మం కూడా తెగలేదు. ఇదేమిటి?"

ఆమె ఫెర్మిన్ చేతిలోని కత్తివంక చూసింది. తరువాత అతడి ముఖంలోకి చూసింది. నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

"నా చెయ్యి కనిపించిందా?" అని తాతాయ్ అడిగాడు.

"కనిపించింది."

"ఎందుకు ఆపలేదు?"

"పదును లేదని... తెలుసు తాతాయ్."

"పదునుంటే?"

ఫెర్మిన్ కత్తిని కింద పెట్టాడు. ఒడిలో ఉన్న ఆ చెయ్యి అప్పటికే ఉబ్బుతోంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వాటంతట అవే లోపలికి వంగాయి. ఆ వంపును అతడు పదిహేడేళ్ళుగా ప్రతిరోజూ చూస్తున్నాడు. అన్నం తినేటప్పుడు ఎదురుగా, పనిచేసేటప్పుడు పక్కన. గరుకు కాగితం పట్టుకున్న అన్న రెండు వేళ్ళను మనసులోకి తెచ్చుకుని, పైనా కిందా వెతికాడు. వాటి మీద తెగిన గాటు లేదు. ఎన్నడూ లేదు.

అతడు తాతాయ్ ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"మీ అన్న తెచ్చిన కత్తి కూడా ఇలాగే మెరిసింది" అన్నాడు తాతాయ్. ఆయన ముఖం పాలిపోయి ఉంది, గొంతు మాత్రం నిలకడగా ఉంది. "ఇదే గోరు మీద జారింది. ఏమీ కాదులే అనుకుని, ఆ రోజు నేనే కొట్టాను."

రుఫీనా నీళ్ళు తెచ్చి, చెయ్యి కదలకుండా రెండు బెత్తం ముక్కలు ఆనించి కట్టు కట్టింది. లేచి వెళ్ళబోతూ తాతాయ్ బోలోను కుడిచేత్తో తీసి ఫెర్మిన్ ముందు పెట్టాడు.

"ఈ కట్టు విప్పే రోజున తీసుకురా."

ఇంటికి వెళ్ళే దారిలో ఫెర్మిన్‌కు భయం తగ్గలేదు. వచ్చినప్పటి కంటే పెరిగింది. కాని ఆ భయం ఇప్పుడు ఎడమచేతిలో లేదు. కత్తి పట్టుకున్న చేతిలో ఉంది.

పెరట్లో ఎలాదియో పని చేసుకుంటున్నాడు. ఫెర్మిన్ సానరాయి ముందు కూర్చుని కత్తిని దాని మీద ఉంచాడు. ఎలాదియో ఆ అంచును చూశాడు, తమ్ముడి ముఖాన్ని చూశాడు. చెక్కను పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి రాయి మీద పోశాడు.

"ఆయన చెయ్యా?" అని మాత్రం అడిగాడు.

ఫెర్మిన్ తల ఊపాడు.

ఆ తరువాత అన్నదమ్ములు ఏడు రోజులూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరు సాన పట్టారు, ఒకరు నీళ్ళు పోశారు.

ఏడో రోజున ఫెర్మిన్ కత్తిని తుడిచి, పరీక్షించడానికి తన బొటనవేలు ఎత్తాడు. ఎలాదియో ఆ వేలిని పక్కకు తప్పించి, వంకర తిరిగిన తన చిటికెన వేలి గోరును అంచు కింద పెట్టాడు.

ఫెర్మిన్ తన జీవితంలో దేనినీ అంత మెల్లగా దించలేదు.