ధరణి వదిలి వెళ్ళిన తాడు

ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెబితే చదివేవారు మన్నించాలి. ఈ మధ్య నాకు వరస నిలవడం లేదు. అందుకే ఉన్నంతవరకూ రాసి పెడుతున్నాను. సన్యాసమ్మ గారి అలవాటు మాత్రం బాగా గుర్తుంది. ఎవరు ఏది అడిగినా ఆవిడ జవాబు చెప్పేవారు కాదు. "ముందు తాడు పట్టుకో" అనేవారు.

సాలూరులో కాలేజీ ఆడపిల్లలకు ఆవిడ జడకోలాటం నేర్పేవారు. చూడనివారి కోసం చెబుతున్నాను. పైన దూలానికి ఒక చక్రం కట్టి, దానికి రంగురంగుల తాళ్ళు వేలాడదీస్తారు. ఒక్కో తాడు కొస ఒక్కో పిల్ల పట్టుకుంటుంది. సగం మంది ఇటు నుంచీ సగం మంది అటు నుంచీ, ఒకరికి లోపలగా, మరొకరికి వెలుపలగా, మద్దెల దెబ్బకు అడుగు వేస్తూ తిరుగుతుంటే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. తర్వాత ఆ అడుగులే వెనక్కి వేస్తూ పోతే విడిపోతుంది. అల్లిన జడను అలాగే వదిలి ఇంటికి వెళ్ళడం సన్యాసమ్మ గారి దగ్గర లేదు. బల్ల ఎక్కి చేత్తో విప్పడమూ లేదు. ఆడి అల్లినదాన్ని ఆడే విప్పాలి, అల్లినవాళ్ళే విప్పాలి.

మా తమ్ముడి మనవరాలు జయంతి ఆ జట్టులో ఉండేది. దానికి తోడు వెళ్ళి, సాయంత్రాలు ఆ హాల్లో ఒక బెంచీ మీద కూర్చునేదాన్ని. ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ధరణి ఆ ఏడే కాలేజీలో చేరింది. బడిలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పుస్తకం తప్ప మరొకటి ముట్టుకోనివ్వలేదట. కాలేజీ నోటీసు బోర్డు ముందు నిలబడేసరికి ఆ పిల్లకు కాళ్ళు నేల మీద ఆగలేదు. గిరిజనుల థింసా ఆట జట్టులో నడుములు పట్టుకుని తిరిగింది, నచ్చింది. నాటకం వాళ్ళ దగ్గర ముసలమ్మ వేషానికి ఒప్పుకుంది, అదీ నచ్చింది. క్విజ్ క్లబ్బు, మొక్కల క్లబ్బు, ఎక్కడ చూసినా తనే. చిక్కల్లా ఒకటే. కొత్తది దొరికిన క్షణాన పాతవాళ్ళకు ఒక మాటైనా చెప్పకుండా పరుగెత్తేది. నాటకం వాళ్ళు ముసలమ్మ ఏదని వెతుక్కుంటూ ఉంటే, ముసలమ్మ గారు మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండేది.

కోలాటానికి వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల సన్యాసమ్మ గారిని నిలేసింది. సీనియర్లు ఏదో ఒకటి పట్టుకుని కూర్చోమంటున్నారట. తనకేమో అన్నీ చూడాలని ఉందట.

"అన్నీ చూడాలనుకోవడం తప్పా గురువమ్మా?"

గురువమ్మ ఎర్రతాడు కొస తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు. అంతే.

చెప్పకపోతే అన్యాయం, ధరణి కాలు చురుకు. వారం తిరక్కుండానే పాతవాళ్ళతో సమంగా ఆడింది. కానీ ఆ పిల్ల మనసంతా సినిమా పాటల డాన్సు గ్రూపు మీద ఉండేది. విశాఖపట్నం పోటీలకు వెళ్ళేది వాళ్ళే. అందులో ఒక్క చోటు ఖాళీ అయింది. కాలేజీలో సగం మంది పేర్లిచ్చారు, ధరణి కూడా ఇచ్చింది.

ఆ సాయంత్రం జడ సగం దాకా దిగింది. మద్దెల అప్పలస్వామి జోరు మీదున్నాడు. పిల్లలు నవ్వుతూ, చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు. అంతలో కిటికీ దగ్గర ఎవరో పిల్ల తల పెట్టి, డాన్సు గ్రూపువాళ్ళు ధరణిని పిలుస్తున్నారనీ, ఇప్పుడు రాకపోతే పేరు కొట్టేస్తారనీ అరిచింది. ధరణి చేతిలో తాడు ఎప్పుడు జారిందో నేను చూడలేదు. చూసేసరికి ఆ పిల్ల వట్టికాళ్ళతో గుమ్మం దాటేసింది.

ఎర్రతాడు ఊగుతూ ఉంది. మిగిలినవాళ్ళు తాళ్ళు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గౌతమి అనే పిల్లకు నోరు కాస్త ఎక్కువ. పోతే పోయింది, ఆ తాడు కూడా నేనే తిప్పేస్తానంది. ధరణి జయంతి చేతి కిందనుంచి దూరాక వదిలిందా, దూరకముందే వదిలిందా అని సన్యాసమ్మ గారు అడిగారు. ఒకరు దూరిందన్నారు, ఒకరు లేదన్నారు. జయంతికే తెలియలేదు. అది తేలందే ఏ అడుగు నుంచి వెనక్కి తిరగాలో తెలియదు. అప్పుడావిడ ఎర్రతాడు తానే పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు.

పిల్లలు నిలబడ్డారు. మక్కువ వెళ్ళే బస్సు వచ్చే వేళైంది. అది పోతే గౌతమి ఊరికి మరొకటి లేదు. గేటు వైపు చూడడం, తాడు చేయి మార్చుకోవడం, మళ్ళీ చూడడం. అప్పలస్వామి చిన్నగా తాళం వేస్తూ, కాసేపటికి మద్దెలకు కూడా నిద్రొస్తుందన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ధరణి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నన్ను తీసుకున్నారు" అని హాలంతటికీ కలిపి చెప్పింది. రేపటినుంచి ఇదే వేళకు అక్కడ ప్రాక్టీసట. చెప్పులు మరిచిపోయి వెళ్ళానంటూ గోడ దగ్గర వంగింది. తొడుక్కోబోతూ తలెత్తింది.

"మీరింకా వెళ్ళలేదా?"

"నీ చెప్పులకు కాపలా ఉన్నాం తల్లీ," అంది గౌతమి. "తొడుక్కుని దయచెయ్యి."

ధరణి నవ్వబోయింది. అందరి చేతుల్లో తాళ్ళు చూసింది, గురువమ్మ చేతిలో తన తాడు చూసింది. నవ్వు మధ్యలో ఆగింది. చెప్పులు అక్కడే వదిలి వచ్చి, కళ్ళు మూసుకుని, ఉన్నచోటే కాళ్ళు కదిపి చూసుకుంది. దూరాక కాదు, తల వంచాను, అప్పుడే పిలుపు వినబడిందని మెల్లగా చెప్పింది. సన్యాసమ్మ గారు తాడు ఇచ్చి పక్కకు తప్పుకున్నారు.

మద్దెల లేచింది. ఆ విప్పడం ఏం విప్పడం! గేటు దగ్గర బస్సు హారను కొడుతోంది, పిల్లలు దానికి కూడా తాళం కలిపి వెనక్కి వెనక్కి తిరుగుతున్నారు, కోపం ఏ మలుపులో రాలిపోయిందో గాని మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. పైన చివరి ముడి జారి తాళ్ళన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. నేను కూడా బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాను. గౌతమి సంచీ అందుకుని పరుగెడుతూ ధరణి వీపు మీద ఒక్కటి చరిచి, ఆ ముసలమ్మ వేషం కూడా నాటకం వాళ్ళకు అప్పజెప్పి చావమంది. బస్సు అందింది.

ధరణి మాత్రం కదల్లేదు. రేపటినుంచి రాలేనని గురువమ్మకు తనే చెప్పింది. కళ్ళ నిండా నీళ్ళు, పెదవుల మీద ఇంకా ఆ సంతోషం. మొదటిరోజు అడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదని కూడా అంది.

జయంతీ, ఇది చదివి పేర్లు సరిచూడమ్మా. గౌతమి గౌతమేనా, మద్దెల అప్పలస్వామేనా అని నాకు అనుమానంగా ఉంది. తప్పైతే దిద్దు. సన్యాసమ్మ గారి మాట మాత్రం కదపకు. ఆవిడ ఎర్రతాడు కొస చుట్టి పైకి వేస్తూ అన్నారు:

"ఇందాక వెళ్ళావే, అది వెళ్ళడం కాదమ్మా. ఇప్పుడు వెళ్ళు."