గాలి దూరని పైకప్పు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. రాజులు పోయారు, కరెంటు స్తంభాలు వచ్చాయి, చేపలు మాత్రం ఇంకా మాట్లాడటం మానలేదు. అప్పటి మాట.

సముద్రం ఒడ్డున గవ్వలపాడు అనే ఊళ్లో సోమలింగాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన చెక్కకి చెక్క కలిపితే అతుకు ఎక్కడుందో ఆయనకే తెలియాలి. గురువు పెదవీరాచారి ఇచ్చిన శిక్షణ అలాంటిది. శిష్యుడి పనిలో సందు కనబడితే చాలు, పదిమందిలో నిలబెట్టి కడిగేసేవాడాయన.

సోమలింగాచారి ఇంట్లో పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, ఎరుపూ ఊదా పగడాలు, నారింజరంగు చారల చేప ఒకటి. పగడాలంటే రాళ్లనుకునేరు, ప్రాణమున్న జీవాలు. వాటికి ఎండ కావాలి. ఇంట్లోకి ఎండ ఎక్కణ్ణించి తెస్తాడు? మెటల్ హాలైడ్ దీపాలు తెచ్చాడు. మిట్టమధ్యాహ్నపు సూర్యుణ్ణి గాజుబుడ్డిలో కూర్చోబెట్టినట్టుంటాయవి. వెలుగెంతో వేడీ అంతే.

ఆ దీపాలు బిగించడానికి తొట్టి మీద టేకుచెక్కతో పైకప్పు కట్టాడు. చుట్టూ లతలు చెక్కాడు, మూలలకి హంసలు నిలిపాడు. చీమ దూరే సందు లేదు. వెలుగు గీత ఒక్కటి బయటికి రాదు. ఊరు ఊరంతా వచ్చి నోరు తెరుచుకుని చూసింది. ఆచారి నడకే మారిపోయింది.

కొన్నాళ్లకి చేప అద్దం దగ్గరికొచ్చింది.

"ఆచారిగారూ, కింద మాకు ఉక్కగా ఉంది. తమరి కప్పుకి రెండు చిల్లులు పెట్టించండి."

ఆచారికి ఒళ్లు మండింది. పెదవీరాచారి శిష్యుణ్ణి పట్టుకుని చిల్లు పెట్టమనడమా! మంచుగడ్డని సంచిలో కట్టి నీళ్లలో వేలాడదీశాడు. గడ్డ కరిగేదాకా చల్లగా ఉంది, కరిగాక మళ్లీ మామూలే. ఆ చలికీ ఈ వేడికీ మధ్య పగడాలు ముడుచుకుపోయాయి.

చేప రెండోసారి వచ్చింది. ఈసారి 'గారు' ఊడిపోయింది. "ఆచారీ, ఆ పైనున్న వేడికి బయటపడే దారేదీ?" అంది.

ఆయన చిన్న ఫ్యాను తెచ్చాడు. ఎవరి కంటా పడకుండా కప్పు లోపల బిగించాడు. మూసిన పెట్టెలో ఫ్యాను ఏం చేస్తుంది? ఉన్న వేడిగాలినే తిప్పి తిప్పి నీళ్ల మీదికి తోసింది. ఆయన భార్య కనకరత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఇడ్లీపాత్ర మూతకి కూడా చిల్లు ఉంటుందయ్యా. ఇడ్లీల పాటి చెయ్యదా ఆ చేప?"

ఆడవాళ్లకి వడ్రంగం ఏం తెలుసన్నాడాయన. ఆ పూట ఆయన పెరుగన్నంలోకి ఊరగాయ దొరకలేదు.

మూడోసారి చేప రాలేదు. రావడానికి ఓపిక లేదు. తొట్టిలో వేడి కొలిచే గొట్టంలో ఎర్రగీత పైకి పాకింది. ఆచారి ఏం చేశాడో తెలుసా పిల్లలూ? ఆ గొట్టాన్ని గోడవైపుకి తిప్పేశాడు. ఎందుకంటే కప్పు చూడ్డానికి గురువుగారు వీధిగుమ్మంలోకి వచ్చేశాడు.

ముసలాయన కప్పు చుట్టూ తిరిగాడు. అతుకుల మీద వేళ్లతో తడిమాడు, ఒక్కటీ తగల్లేదు.

"గాలి కూడా దూరదురా లింగా," అన్నాడు. ఆ తర్వాత లోపలికి వంగి చూశాడు. "ఈ తెల్లపూలేమిట్రా, మల్లెల్లా ఉన్నాయి? ఇంత తెలుపు ఎక్కడ పట్టావు?"

అవి పూలు కావు. రంగంతా పోయి చావుకి దగ్గరపడ్డ పగడాలు. ఆచారికి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా చేతులు జోడించి, అంతా తమ ఆశీర్వాదం అన్నాడు.

అనేశాక చెవులు కాలిపోయాయి. తలెత్తితే గుమ్మంలో కనకరత్నం. గోడవైపుకి తిప్పేసిన గొట్టాన్నే చూస్తోంది. కళ్లు దించుకుంటే తొట్టి అడుగున చేప, పక్కకి ఒరిగి, మొప్పలు ఆడీ ఆడకుండా. ఆయన ఎటు చూడాలో తెలియక తను చెక్కిన హంసని చూశాడు. అది ఇంకా సిగ్గనిపించింది.

"అవి మల్లెలు కావు గురువుగారూ. నా కప్పు కింద ఉడికిపోయినవి. చేప చెప్పింది, మా ఆవిడా చెప్పింది. మీరు మెచ్చుకోవాలని నేను చిల్లు పెట్టలేదు."

గురువు చెక్క మీంచి చెయ్యి తీసేశాడు.

"చస్తున్నవాటిని చూపించి మల్లెలనిపించావు కదరా నా చేత," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఆచారికి.

ఆచారి దీపాలార్పాడు. ఉలి తీసుకుని ఒక మూల హంసని కడుపులోంచి తొలిచేశాడు, చల్లగాలి లోపలికి రావడానికి. ఎదురు మూల హంసనీ తొలిచి, వేడిగాలిని బయటికి లాగేట్టు ఫ్యాను అక్కడ బిగించాడు. ఉడుకుతున్న కుండ మీద మూత తీసినట్టు ఆవిరి ఆయన మొహానికే కొట్టింది. పనంతా అయ్యేదాకా ముసలాయన కప్పు రెండో కొస పట్టుకున్నాడు.

పొద్దువాలే సరికి ఎర్రగీత దిగింది. చేప నిటారుగా నిలబడింది. పగడాల్లో కొన్ని నెమ్మదిగా రంగు తిరిగాయి. కొన్ని ఎప్పటికీ తిరగలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు, ఇంత చక్కని హంసలకి ఈ కన్నాలు పెట్టిన మొద్దెవడని అడిగేవారు. తనేనని చెప్పేవాడు ఆచారి. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో, ఎంత ఆలస్యంగా పెట్టాడో కూడా దాచకుండా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు కాలేవి. చేప మళ్లీ ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది గానీ, 'గారూ' అని మాత్రం అనలేదు. అనమని ఆయనా అడగలేదు.

కప్పు బాగుందో లేదో దాని కింద బతికేవాళ్లని అడగాలి, వాళ్లు చెప్పిన మొదటిసారే వినాలి.