మనిషెత్తు చక్రాలు, ఆవకాయ జాడీ

జమీందారు నరసరాజుకు దారిలో ఎవరి తలా తన తలకంటే పైన కనిపించకూడదు. అందుకని తన గుర్రబ్బండికి ఉన్న చక్రాలు తీయించి, మనిషెత్తు చక్రాలు వేయించాడు.

బండి తోలే పైడయ్య ఒకసారి ఖాళీ బండి తోలి చూసి వచ్చాడు.

"బాబుగారూ, బండి కదిలించడానికే గుర్రం రొప్పుతోంది. పైగా బరువంతా మీదికెక్కడంతో మలుపు తిప్పితే చాలు, బండి ఒరిగిపోతోంది."

"తోలడం చేతకాక చక్రాల మీద నెపం పెడతావా? రేపు మా చెల్లెలి ఊరికి ఈ బండిలోనే వెళ్తున్నాను. ఒరిగిందో, నీ వీపు చీరేస్తాను!" అన్నాడు జమీందారు.

మర్నాడు బయల్దేరే వేళకు దొరసాని తన ఆడపడుచు కోసం పెద్ద జాడీ నిండా కొత్తావకాయ పెట్టి పైడయ్య చేతికిచ్చింది. పైడయ్య దాన్ని బండిలో పెట్టలేదు. తీసుకెళ్లి అరుగు మీద దించాడు.

"దీన్ని వెనక ఎడ్లబండిలో పంపుదాం అమ్మగారూ. కొండ మలుపులో ఈ బండి ఒరిగితే జాడీ బద్దలవుతుంది."

జమీందారు కంగారుపడ్డాడు. "నిజమేరా! కాయలు ఏరికోరి తెప్పించాను. ఇందులో వద్దేవద్దు, ఎడ్లబండిలోనే పంపు."

"చిత్తం. జాడీకిక భయం లేదు. తమరు ఎక్కండి" అన్నాడు పైడయ్య వినయంగా.

జమీందారు మెట్టు మీద పెట్టిన కాలు మెల్లగా కిందికి దించాడు. దొరసాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పాత చక్రాలే బిగించరా. నాకోసం కాదు, ఆవకాయ నాతోనే రావాలి!"