గిన్నెకు పెట్టిన మందు

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. నీడలో ఆరబెట్టిన వేరును గురించి అన్నట్టు, "ఎండనీ" అనేవారు. జవాబు తన కాళ్ళ మీద తాను నడిచి రావాలని ఆయన పట్టుదల.

కొండ కింది ఆ పల్లెలో ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న గురవప్ప పెళ్ళాం బిడ్డలున్న మనిషి. దేనికైనా ఆధారం చూపించమనే రకం. ఒకనాడు ఉదయం శొంఠి నూరుతూ నూరుతూ చెయ్యి ఆపి అడిగాడు.

"అయ్యవారూ, కషాయమంటే తెలుసు, లేహ్యమంటే తెలుసు. జనం 'మందు పెట్టింది' అంటారే, ఆ మందేమిటి? మన గ్రంథాల్లో కనపడదు, ఊళ్ళో మాత్రం పూటకోసారి వినపడుతుంది. పసిబిడ్డ మేనత్త చంక దిగకపోతే, ఏం మందు పెట్టావే అంటారు. బర్రె ఒకరి చేతికే పాలిస్తే ఆ మాటే. మొగుడు పెళ్ళాం మాట విన్నాడా, ఇక చెప్పనక్కర్లేదు. నవ్వులాటకు అనేదీ అదే, కడుపు రగిలి అనేదీ అదే. అసలు అలాంటి మందు ఉందా, లేదా?"

"ఎండనీ," అన్నారు చిదంబరయ్యగారు.

ఎండేదాకా ఆగవలసిన పని లేకపోయింది. పొద్దెక్కకముందే ఓబులమ్మ వసారా ముందుకు వచ్చి నిలబడింది. వెనక కొడుకు కదిరప్ప, వాడి వెనక కోడలు సుంకమ్మ, అందరి వెనక మందు కక్కించడంలో పేరుమోసిన తిప్పయ్య. తమాషా చూడ్డానికి వీధి సగం కదిలి వచ్చింది.

"సామీ, ఇది నా కొడుక్కి మందు పెట్టింది," అంది ఓబులమ్మ కోడలి వైపు వేలు చూపి. "తిప్పయ్య కక్కిస్తానన్నాడు. రేపు ఎవరూ కాదనకుండా మీరు సాక్షిగా కూర్చోవాల. మందు బయటపడిందా, ఇది ఈ పొద్దే పుట్టింటికి పోవాల. పెద్దమనుషులు కూడా అదే చెప్పినారు."

"ఎలా తెలిసిందమ్మా, పెట్టిందని?"

"ఎట్లనా? మొగోడు సామీ వాడు! పొయ్యి కాడ కూచుని సంకటి గెలుకుతాడు! తెడ్డు పట్టుకుని! చూసినోళ్ళు నవ్వుతాండారు. మందు పెట్టకుండా ఏ మొగోడైనా తెడ్డు పడతాడా?"

వీధి పకపకా నవ్వింది. కదిరప్ప తల వంచుకున్నాడు. సుంకమ్మ మాత్రం వంచలేదు. కానీ కొంగు చివరను ఆమె వేలికి బిగించి చుట్టుకోవడం గురవప్ప కంటపడింది. ఈమె వెళ్ళిపోవలసి వస్తుందేమో అని మొదటిసారి అనిపించి, పొద్దున తాను తీరిగ్గా వేసిన ప్రశ్న అతనికి బరువుగా తోచింది.

తిప్పయ్య సంచిలోంచి పచ్చటి ఆకు తీసి నలిపాడు. చెంబెడు నీళ్ళలో గుడ్డ కట్టి పిండాడు. "ఈ పసరు కడుపులోకి పోయి, మందు యాడ అంటుకోనుంటే ఆడ పట్టుకుని ఊడబెరుకుతుంది సామీ. గడ్డగా బయటికొస్తుంది. మీ కళ్ళతో మీరే చూస్తారు."

"మంచిది. సాక్షిగా ఉండమన్నారు గనక, పసరు కూడా నా దగ్గర సాక్ష్యం ఉండాలి. సగం కదిరప్పకు పొయ్యి, సగం ఈ గిన్నెలో పొయ్యి," అన్నారు చిదంబరయ్యగారు.

తిప్పయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అదెందుకు సామీ, వృథా..."

"పొయ్యి నాయనా."

అంతమంది ముందు కాదనలేక పోశాడు. గురవప్ప ఆ గిన్నెను గుంజ పక్కన పెట్టాడు. కదిరప్ప ముక్కు మూసుకుని తన సగం తాగేశాడు. కాసేపు కదలకుండా కూర్చోవాలన్నాడు తిప్పయ్య. కూర్చున్నారు. చిదంబరయ్యగారు ఓబులమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి, చింతకాపు సంగతి నిదానంగా అడుగుతూ పోయారు. గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ తర్వాత తిప్పయ్య కదిరప్ప గొంతులో వేళ్ళు పెట్టించాడు. ముందు పరిచిన విస్తట్లో పచ్చగా, నిగనిగలాడుతూ ఒక గడ్డ పడింది.

"చూసినారా! చూసినారా!" ఓబులమ్మ గుండెలు బాదుకుంది. "ఇంత మందు పెట్టిందే నా బిడ్డకు!"

జనం వెనక్కి జరిగారు. సుంకమ్మ మొహంలో నెత్తురు లేదు. "నేను పెట్టింది కాదు అది," అంది. ఎవరూ వినిపించుకోలేదు.

"గురవప్పా, ఆ గిన్నె ఆమె చేతికియ్యి," అన్నారు చిదంబరయ్యగారు. "అమ్మా సుంకమ్మా, బోర్లించు."

ఆమె బోర్లించింది. నీళ్ళు కారలేదు. గిన్నె ఆకారంలోనే, పచ్చగా, నిగనిగలాడుతూ ఒక గడ్డ జారి నేల మీద పడి కదలాడింది.

వెనక్కి జరిగిన జనం మళ్ళీ ముందుకు వంగి చూశారు.

"ఓబులమ్మా," అన్నారాయన మెల్లగా, "ఈ గిన్నెకు ఎవరు పెట్టారు మందు?"

ఓబులమ్మ విస్తట్లోకీ నేల మీదికీ మార్చి మార్చి చూసింది. "అది దూసర తీగ," అన్నారు చిదంబరయ్యగారు, పాఠం చెప్పే గొంతుతో. "దాని ఆకు నీళ్ళలో పిండి ఊరికే ఉంచితే తనంతట తానే గడ్డకడుతుంది. కడుపైనా గిన్నైనా దానికొకటే."

తిప్పయ్య అప్పటికే సంచి భుజాన వేసుకుని వీధి మలుపు తిరుగుతున్నాడు. అప్పుడు సుంకమ్మ నడుము నిటారు చేసి, నేల మీది గడ్డను చూసి, అత్తను చూసి అంది. "అత్తా, ఆ గిన్నె కూడా రేపట్నించి సంకటి గెలుకుతుందేమో అడుగు."

ఎవరో ఈల వేశారు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వులో కదిరప్పకు కూడా గొంతు వచ్చింది. "నాకు చేతనవును, చేస్తాండా. నేను గెలికితే ఉండ కట్టదు. నువ్వు రోజూ బాగుందని రెండో ముద్ద వేయించుకునేది నేను గెలికిందే కదమ్మా."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "థూ, నీ యవ్వ! ముందే చెప్పకూడదంట్రా?" అని కొడుకు వీపు మీద ఒకటి చరిచి, అదే చేత్తో కోడలి రెక్క పట్టుకుంది. "పద. కడుపులో ఉన్నదంతా కక్కినాడు, వానికి ఆకలేస్తాంటాది."

ముగ్గురూ పెద్దవీధిలోనే, నడిమధ్యన నడిచి వెళ్ళారు. మధ్యలో సుంకమ్మ. ఆమె తల దించనూ లేదు, దాచనూ లేదు. జనమే పక్కకు తొలగి దారి ఇచ్చారు.

గురవప్ప నేల తుడిచి, గిన్నె కడిగి తెచ్చాడు. అతని మొహంలో గెలుపు మెరుస్తోంది. "తేలిపోయింది అయ్యవారూ! అయితే అలాంటి మందు లేనే లేదన్నమాట."

చిదంబరయ్యగారు వీధి చివరిదాకా చూస్తున్నారు. అక్కడ ఓబులమ్మ నడుస్తూనే కోడలి జడలో వాడిన పువ్వు తీసి పారేస్తోంది.

"లేదని నేనెప్పుడన్నాను, గురవప్పా?" అన్నారు. "గిన్నెలో లేదన్నాను, అంతే."