చెట్టు మారిన కాపలా

అడవిలో వాగు మలుపు దగ్గర ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని చిటారుకొమ్మ మీద పోలమ్మ అనే కొండముచ్చు కాపలా కాసేది. కింద దుప్పులు నీళ్లు తాగేవి. మంద పెద్ద చుక్కమ్మ పులి జాడ అడుగుతూ ఉంటే పోలమ్మ పైనుంచి జవాబు చెబుతూ ఉండేది. ఆ మాటల మీద నమ్మకంతోనే దుప్పులు తల వంచి తాగేవి. ఒక్క జవాబు ఆలస్యమైతే చాలు, మంద మొత్తం చెదిరిపోయేది.

ఎదుటి మోదుగ మీద భద్రయ్య అనే కొండగోరింక ఉండేవాడు. ఏ గొంతయినా అచ్చుగుద్దినట్టు పలికేవాడు. అందరూ విని నవ్వేవారు, అంతటితో సరి. పోలమ్మ మాట కోసం మాత్రం నలభై దుప్పులు చెవులు రిక్కించి నిలబడేవి. అది చూసినప్పుడల్లా అతనికి తిన్న పండు చేదయ్యేది.

"ఆమెకి నాలాగా రెండు గొంతులైనా రావు. ఆ కొమ్మ మీద కూర్చుంది కాబట్టి గొప్ప" అనేవాడు భార్యతో.

"కూర్చోవడం కాదు, చూస్తోంది కదా" అనేది ఆమె.

ఆ ఏడు మద్దిచెట్టు మొదలు చెదలు పట్టి డొల్లయింది. వాగు అవతలి ఏగిసచెట్టుకి మారక తప్పదు. పోలమ్మకి ఒక భయం ఉంది. కిందటేడు కొమ్మ విరిగి చెట్టు మారినప్పుడు, దారిలో ఉండగా చుక్కమ్మ కేకేసింది. జవాబు లేదు. మంద బెదిరి పరిగెత్తింది. చూలుతో ఉన్న దుప్పి ఒకటి రాళ్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది.

అందుకే ఈసారి చెల్లెలు మంగని పిలిచింది.

"నేను ఏగిస ఎక్కేదాకా నువ్వు ఇక్కడే ఉండు. కేక వస్తే వదిలేయకు. వింటున్నామని చెప్పు. వాళ్లు అడిగినవన్నీ గుర్తుపెట్టుకుని, అడిగిన వరసలోనే నాకు అందించు."

"నువ్వు ఎక్కాక దిగిపోనా?"

"ఎక్కగానే కాదు. అక్కణ్ణించి నా జవాబు వాళ్లకి చేరిందని తెలిశాక దిగు."

ఆకుల చాటున భద్రయ్య ఇదంతా విన్నాడు. తనకి ఇంతకన్నా మంచి అదను దొరకదనుకున్నాడు.

మధ్యాహ్నం మంద వాగుకి వచ్చింది.

"ఎలా ఉంది పోలమ్మొదినా?" అడిగింది చుక్కమ్మ.

"వెదురుపొదలో చారలది పడుకుంది. నిద్రలో ఉంది. ముగ్గురు ముగ్గురుగా దిగండి. లేస్తే చెబుతాను."

ముందుగా చుక్కమ్మ పిల్లలు ముగ్గురు నీళ్లలోకి దిగారు. ఆ మాట చెప్పి పోలమ్మ మద్ది దిగింది. ఆమె వాగు దాటుతుండగా, మోదుగ మీంచి అచ్చం ఆమె గొంతే వినిపించింది.

"చుక్కమ్మా, నేను ఇటు మారాను. ఇకనుంచి ఇటే అడగండి."

చుక్కమ్మ మోదుగ వైపు తిరిగింది. "సరే వదినా. మరి అది లేచిందా?"

భద్రయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. వాళ్ల చెట్టు మార్పు గురించి విన్నాడే గాని, ఇప్పుడు ఏం మాట్లాడుకున్నారో అతను వినిపించుకోలేదు. ఆమె గొంతుతో ఎప్పుడు మొదలుపెట్టాలా అన్న ధ్యాసలోనే ఉండిపోయాడు. పైగా మోదుగ పొట్టిచెట్టు, దాని మీంచి వెదురుపొద కనిపించదు.

"ఏది లేవడం? ఎక్కడా ఏమీ లేదు. అందరూ దిగండి."

వెనకున్న దుప్పులు కదిలాయి. చుక్కమ్మ వాటికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ఇప్పుడే పులి ఉందని చెప్పిన పోలమ్మ ఏదని అడగదు." మద్ది వైపు తలెత్తింది. "అది లేచిందా?"

"వింటున్నాం, కదలకండి" అంది మంగ. వెంటనే ఆ ప్రశ్నని అలాగే ఏగిసకి అందించింది.

అప్పుడే పైకొమ్మ అందుకున్న పోలమ్మ ఆయాసంతోనే చెప్పింది. "లేచింది. చెవులు ఇటు తిప్పింది. నీళ్లలో ఉన్నవాళ్లు చప్పుడు లేకుండా వెనక్కి రండి."

ముగ్గురూ వచ్చారు. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ జారలేదు. మంద ఒక్కటిగా గట్టెక్కి వెళ్లిపోయింది. చారలది వచ్చి ఖాళీ ఇసుక వాసన చూసి తన దారిన పోయింది.

"నీ జవాబు అందింది వదినా" అని గట్టు మీంచి చుక్కమ్మ అన్నాకే మంగ మద్ది దిగింది.

సాయంత్రం చుక్కమ్మ మోదుగ కింద ఆగింది.

"గొంతు బాగానే కుదిరింది భద్రయ్యా. నా ముగ్గురు పిల్లలు నీళ్లలో ఉన్నారని నీకు తెలుసా?"

"తెలీదు" అన్నాడు అతను. "ఒక్కసారైనా మీరంతా నా వైపు చూస్తారనుకున్నాను" అన్నాడు.

"చూశాం" అని ఆమె వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను ఎవరి గొంతుతో పలికినా ఆ వాగు దగ్గర ఒక్క దుప్పీ తలెత్తలేదు. నవ్వేవాళ్లు కూడా నవ్వడం మానేశారు.

నీతి: నడుస్తున్న మాట తెగకుండా చూసుకున్నవాళ్లు ఎక్కడికి మారినా నమ్మకం నిలుపుకుంటారు, అసూయతో గొంతు మాత్రమే దొంగిలించినవాళ్లు మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.