వణికే అద్దం, నిలిచిన చుక్క

ఒకప్పుడు చుక్కలు మిణుకుమనేవి కావు. గాలి లోయలో చాపచుట్టలా పడుకుని ఉండేది. పొద్దు వాలగానే ఆకాశంలో చుక్కలు ముగ్గు పెట్టినట్టు నిలకడగా వెలిగేవి.

పోలమ్మ చిన్నప్పుడు వడ్లు నూర్చే కళ్ళంలో కూర్చుని వాటిని చూసేది. పెద్ద చుక్క ఒకటి, దాని పక్కనే ఆవగింజంత చిన్న చుక్క. చిన్నదంటేనే ఆమెకు ప్రాణం. సందెవేళ ఇద్దరూ బోలెడు కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

అయితే గాలి లేకపోతే వడ్లలో తాలు పోదు. ఆడవాళ్ళు బుగ్గలు నొప్పిపుట్టేదాకా నోటితో ఊదేవాళ్ళు. మగవాళ్ళు గట్టు మీద కూర్చుని ఇంకా గట్టిగా ఊదమని సలహాలిచ్చేవాళ్ళు. పోలమ్మకు ఓపిక నశించింది. లోయలోకి దిగి గాలిని తట్టి లేపింది.

గాలి వచ్చింది, తాలు ఎగిరిపోయింది. కానీ గాలి మళ్ళీ పడుకోలేదు. ఆకాశమంతా తిరగసాగింది. దాని తాకిడికి చుక్కల వెలుగు వణికింది. చిన్న చుక్క పెద్దదాని వెలుగులో కలిసిపోయింది.

ఏళ్ళు గడిచి పోలమ్మ ముసలిదైంది. అక్కడ ఉన్నది పెద్ద చుక్క ఒక్కటేనని, చిన్నది ముసలిదాని భ్రమ అని ఊరంతా తేల్చేసింది. తను పోతే దాన్ని తలుచుకునే మనిషే ఉండదని పోలమ్మకు బెంగ పట్టుకుంది.

వెళ్ళి పడుకోమని గాలిని బతిమాలింది. వడ్లకూ తడిబట్టలకూ నేను కావాలి, చుక్కల దగ్గర మాత్రం వద్దా అని గాలి దెప్పింది. అదీ నిజమే.

పోలమ్మ చేట చంకన పెట్టుకుని కొండెక్కింది. అక్కడ చుక్కల్ని చూసే పెద్ద దుర్భిణి ఉంది, దానిలో ఓ అద్దం. చుక్కలు చెదిరిపోతున్నాయని అదీ గాలిని తిడుతోంది. కాస్త కదిలి చూడమంది పోలమ్మ.

"కదలడం మా వంశంలో లేదు" అంది అద్దం.

"మా గట్టు మీది మగాళ్ళకి చుట్టానివా?" అంటూ పోలమ్మ చేట ఎత్తింది. "గాలి కంటికి కనబడదు. అందుకే నేను ఎగిరే పొట్టును చూస్తాను. అది ఎటు పోతే, నా మణికట్టు దానికి ఎదురు తిరుగుతుంది. నువ్వు పెద్ద చుక్కను చూడు. అది ఎంత చెదిరితే అంత ఎదురు వంగు."

అద్దం బిడియంగా ఒకసారి వంగి ఊరుకుంది. ఈలోగా గాలి మారిపోయింది.

"ఒకపూట వండితే జన్మంతా తిన్నట్టేనా?" అంది పోలమ్మ. "గాలి మారినప్పుడల్లా వంగాలి."

అద్దం వంగింది, మళ్ళీ వంగింది, రెప్పపాటులో వందసార్లు వంగింది. చెదిరిన వెలుగు కుదురుకుంది. పెద్ద చుక్క పక్కన, ఆవగింజంత చుక్క.

"పోలమ్మా, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అంది చిన్న చుక్క.

పోలమ్మ చేటతో మొహం కప్పుకుంది.

మన కంటికి చుక్కలు మిణుకుమంటూనే ఉన్నా, అప్పటినుంచీ కొండ మీది దుర్భిణిలో నిలకడగా కనబడుతున్నాయి. వాటిని అలా నిలపడానికి అక్కడి అద్దం ఈనాటికీ వణుకుతూనే ఉంటుంది.