ఈరమ్మ చేలో వంక

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజులు. కొండ కింది సంత నుంచి ఏటి రేవు దాకా ఒక బండ్లబాట ఉండేది. వానొస్తే అదీ ఉండేది కాదు. అక్కడ పెద్ద రోడ్డు వేస్తామని కొలతల దొర వచ్చాడు. గొలుసుతో కొలిచి కొయ్య గూటాలు పాతించాడు. గూటాలు ఎక్కడుంటే రోడ్డు అక్కడే.

మొదట అవి మద్దిలేటి చేలో పడ్డాయి. నడి మధ్యాహ్నం దొర సద్ది తినబోయాడు. మద్దిలేటి గూటాలు పీకి పక్కనున్న సుంకన్న చేలో పాతాడు.

మర్నాడు నడి మధ్యాహ్నం దొర సద్ది తినబోయాడు. సుంకన్న వాటిని పీకి నడిపెన్న చేలో పాతాడు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, సుంకన్న మా ఇంటివాడే.

మూడోనాడు నడి మధ్యాహ్నం దొర సద్ది తినబోయాడు. నడిపెన్న వాటిని పీకి ఈరమ్మ చేలో పాతాడు.

ఈరమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. సోలెడు విత్తనం పట్టే కొర్రచేను, అంతే. అది పోతే గంజి లేదు. చేనుకు అవతల గుడ్డి లచ్చన్న గుడిసె.

ఆమె కలుపు తీస్తూ అన్నీ చూసింది. నడిపెన్నకు లోపల గుచ్చుకుందేమో, ఆమెనూ గూటాలు జరుపుకోమని మెల్లగా చెప్పాడట.

"పీకడం ఎంతసేపు నాయనా," అంది ఈరమ్మ. "మళ్లీ ఎక్కడ పాతాలో నువ్వే చెప్పు."

నడిపెన్న లచ్చన్న గుడిసె వైపు చూసి, వెనక్కి తిరిగి తన చేలోకి నడిచాడు.

నాలుగోనాడు దొర గూటాల వరస చూశాడు. కల్లు తాగిన పాము కూడా ఇంత వంకరగా పోదన్నాడు. ఎవరు జరిపారని ఊరందరినీ నిలబెట్టి అడిగాడు. ఈరమ్మ ఆ ముగ్గురి వైపు చూసింది. వాళ్లే చెబుతారని చాలాసేపు చూసింది. ముగ్గురూ తమ కాలివేళ్లనే చూసుకుంటూ నిలబడ్డారు.

"ఉన్నచోటే ఉండనీ దొరా," అంది ఈరమ్మ.

పెద్ద వానలు ముంచుకొస్తున్నాయి. మళ్లీ కొలిచే తీరిక దొరకు లేదు. కోతకు రాని కొర్ర మీద కంకర పడింది. ఆ కంకర తట్టలు మోసే కూలికి ఈరమ్మే వెళ్లింది.

పంటలొచ్చాక ముగ్గురూ తలో మూట కొర్రలు ఆమె ఇంటికి మోసుకొచ్చారు. తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది. "ఎండన పడొచ్చారు, ఏమన్నా తిన్నారా నాయనా?" అని అడిగింది. ముగ్గురూ మూటలు గుమ్మంలో పెట్టి, తలెత్తకుండా వెళ్లిపోయారు.

ఈరమ్మ పోయి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. ఇప్పుడది బస్సులు తిరిగే రోడ్డు. ఈ వయసులో నాలుగు అక్షరాలు వచ్చాక, ఆమె చేలో రోడ్డు వంపు తిరిగే ఆ వంక దగ్గరి బోర్డును కూడబలుక్కుని చదివాను. రోడ్డు నంబరుంది, ఊళ్ల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు.

కానీ మా వైపు అన్నదమ్ములు చేను పంచుకుంటే, గట్టురాయి పాతేవాడు దాన్ని జానెడు తన చేలోకే జరిపి పాతుకుంటాడు. జానెడు నేల పోయిందని ఎవడైనా గొణిగితే పెద్దవాళ్లు వాణ్ని బస్సెక్కించి, ఆ వంక దగ్గర దింపి, ఈ కథ చెబుతారు. తిరిగొచ్చేటప్పుడు వాడు కిటికీలోంచి బయటికి చూడడు.